ఏటవాలు పడక

మదార్ అంత నిద్రపోతు ఏలూరు మొత్తం మీద లేడని వాళ్ళ వీధిలో చెప్పుకునేవారు. టీ గ్లాసు చేత్తో పట్టుకునే కునుకు తీసేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని మరియంబీ అడిగితే, ముద్ద నోట్లో ఉండగానే జవాబుకి బదులు గురక వచ్చేది. ఒకసారి సెలూన్ కుర్చీలో సగం గడ్డంతో నిద్రపోతే, ఆ షాపాయన పక్క కుర్చీలో ఇంకో ఇద్దరికి పని కానిచ్చి వచ్చి మిగతా సగం గీశాడట. "ఎంత అదృష్టం వదినా మీ ఆయనది! ఒరిగితే చాలు, నిద్ర పట్టేస్తుంది" అనేవారు పక్కింటివాళ్ళు. ఆ మాట వింటే మరియంబీకి ఒళ్ళు మండిపోయేది. అది నిద్ర కాదని ఆవిడకొక్కదానికే తెలుసు.

కన్ను మూతపడిన కాసేపటికి గురక మొదలవుతుంది. పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటుంది గాని గాలి లోపలికి పోదు. పెదాల రంగు మారిపోతుంది. ఆవిడ భుజం పట్టి కుదిపేలోపు, నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా ఒక్క గుక్క తీసుకుని, కళ్ళు తెరవకుండానే మళ్ళీ గురక. పడుకున్నంతసేపూ అదే వరస. లేచాక మొహం పీక్కుపోయి, తలనొప్పితో, పడుకోకముందు కంటే అలిసిపోయి కనిపించేవాడు. పక్కన కూర్చుని ప్రతి ఊపిరికీ కాపలా కాసే మనిషి గతేమిటో మాత్రం వీధిలో ఎవరూ అడగలేదు.

మరియంబీ తివాచీల ఇంట పుట్టిన మనిషి. చిన్నప్పుడు మగ్గం ముందు పిల్లలంతా వరసగా కూర్చుంటే వాళ్ళ నాన్న వెనకాల నిలబడి రంగులు పిలిచేవాడు. ఎరుపు రెండు, నీలం ఒకటి, మళ్ళీ ఎరుపు అని ఆయన రాగం తీస్తుంటే వీళ్ళు ఉన్ని ముడులు వేసుకుంటూ పోయేవారు. మదార్ ఆ ఇంటికి ఉన్ని రంగులద్దే పనికి వచ్చి, అల్లుడై కూర్చున్నాడు. తర్వాత తివాచీలు కొనేవాళ్ళు తగ్గిపోయారు. మగ్గాల కర్రలు ఒక్కొక్కటే పొయ్యిలోకి వెళ్ళాయి. చివరి మగ్గం మీద సగంలో ఆగిపోయిన తివాచీని మరియంబీ తనే కోసి, చుట్ట చుట్టి అటక మీద పడేసింది. మదార్ స్టీరింగ్ పట్టుకున్నాడు. కూతురు ఫిజా పెళ్ళయి అత్తిలి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, ఆ గురకా.

మదార్ నడిపేది గణపవరం వెంకట్రాజు గారి పికప్ బండి. కొల్లేటి పక్క చెరువుల్లో చేప పట్టే రోజున పొద్దున్నే ఐసు, ఖాళీ ట్రేలు వేసుకుని గట్టు మీదకి చేరాలి. ఎండ తగ్గాక వల లాగుతారు. చేప నింపుకుని, తాడేపల్లిగూడెం మార్కెట్టుకో ఇంకా దూరానికో రాత్రంతా నడిపి తెల్లారేసరికి అప్పజెప్పాలి. అంటే డ్రైవరుకి నిద్ర దొరికేది మధ్యాహ్నం పూటే, అదీ గట్టు మీదే. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, మధ్యలో ఒక్క బండి పట్టే నల్లమట్టి దారి.

చలికాలంలో ఒక పొద్దున ఆ దారి మీదే మదార్ కన్ను మూతపడింది. ముందు చక్రం గట్టు దిగింది. బండి ఒక పక్కకి ఒరిగి, తుమ్మ మొద్దుకి తట్టుకుని ఆగిపోయింది. మొద్దు లేకపోతే మనిషీ బండీ చెరువులోనే. వెంకట్రాజు గారు వచ్చి చూసి ఒక్క కేక కూడా వేయలేదు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. "ఏవండీ మదార్ గారూ, ఇంకోసారి ఇలా అయితే మనకి కుదరదండి. మరోలా అనుకోకండి" అన్నాడు.

మర్నాటి నుంచి మరియంబీ కేబిన్ ఎక్కి కూర్చుంది. ఆడమనిషి చేపల బండిలో ఏమిటని మదార్ మొహమాటపడ్డాడు. "మీరు చెరువులో పడితే మొహమాటం మిమ్మల్ని తీస్తుందా?" అంది. రాత్రిళ్ళు పక్కన కూర్చుని నాన్న రంగులు పిలిచిన రాగంలోనే రోడ్డు పిలిచేది. గుంత వస్తోంది, ఎడమకి, కల్వర్టు, ఎదర లారీ. ఆయన రెప్ప బరువెక్కితే చింతపండు ముద్ద నోట్లో పెట్టేది. అప్పటికీ లొంగకపోతే తొడ మీద గిల్లేది. మదార్ తొడలు చూస్తే ఏ పోలీసులు కొట్టారో అనుకోవాలి.

గిల్లి గిల్లి ఎన్నాళ్ళు? ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిన సంగతిని నర్సు స్టెల్లా బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని విడమరిచి చెప్పింది. "నిద్రలో గొంతు వెనక్కి పడిపోయి గాలి ఆగిపోతుందండి. అందుకే ఆయన ఎంత పడుకున్నా పడుకున్నట్టు కాదు. ముక్కుకి పెట్టుకునే మిషన్ ఒకటుందండి గాని, దానికి కరెంటు కావాలి." గట్టు మీద కరెంటెక్కడిది? ధర కూడా విన్నాక మరియంబీ బెంచీ మీద నుంచి లేవబోయింది. స్టెల్లా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వెల్లకిలా మాత్రం పడుకోనివ్వకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తలగడ ఎత్తుగా పెడితే సరిపోదు, నడుం దగ్గర నుంచీ ఒళ్ళంతా వాలుగా లేవాలి. నిద్ర సరిగ్గా లేకుండా బండి నడిపితే ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు కదండీ."

అక్కడ నుంచి మరియంబీకి పట్టుకుంది పడక పిచ్చి. చేపల బండిలో, గట్టు మీద, ఎండలో, ఒక మనిషి ఊపిరాడుతూ పడుకునే ఏర్పాటు చేయాలి. వినడానికి ఎంత చిన్న కోరిక!

మొదట కేబిన్. ఆ సీటు కూర్చోవడానికి చేసిందే గాని పడుకోవడానికి కాదు. మదార్ పొడగరి. కాళ్ళు మడిచి స్టీరింగ్ కిందకి తోసి, తల అటు డోరుకి ఆనిస్తే గడ్డం వచ్చి గుండెకి ఆనుకునేది. గొంతు అక్కడే నొక్కుకుపోయేది. గేర్ రాడ్ పక్కటెముకల్లో దిగేది. పైగా ఆ ఎండకి కేబిన్ రేకు మీద అట్టు పోయొచ్చు.

తర్వాత బండి కింద. నీడ ఉంటుంది కాబట్టి డ్రైవర్లందరూ గోనెపట్టా పరుచుకుని అక్కడే పడుకుంటారు. కాని కింద నేల బల్లపరుపు, దాని మీద గాలి ఇంకా ఎక్కువసేపు ఆగేది. ఒకరోజు నీరుకట్టు పాము ఒకటి ఆయన పాదం మీదుగా తాపీగా దాటి వెళ్ళింది. మదార్‌కి తెలియనే లేదు. మరియంబీ వేసిన కేకకి అవతలి గట్టు మీద వలవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

మడతమంచం కొంటే ట్రేలకి చోటుండదు. దించి గట్టు మీద వదిలిపోతే తెల్లారేసరికి అది ఎవరింట్లో ఉంటుందో దేవుడికే తెలియాలి.

అప్పుడు తట్టింది ఊయల. చిరిగిన పాత లాగుడు వల అడిగి తెచ్చి, నాలుగు మడతలు వేసి, బండి తొట్టి కమ్మీలకి అడ్డంగా కట్టి, పైన టార్పాలిన్ కప్పింది. పాము రాదు, చెమ్మ తగలదు, గాలి కింద నుంచి కూడా వస్తుంది. వెనక బండి డ్రైవరు యోబు చూసి ముచ్చటపడిపోయి, "నాకూ ఒకటి కట్టి పెట్టండి వదినగారూ" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి ఆవిడ పొంగిపోయింది కూడా. చేపకి పనికొచ్చిన వల మనిషికి పనికిరాదని ఆ మధ్యాహ్నమే తెలిసింది. వలలో మనిషి సొరకాయలా వంగిపోతాడు. పక్కకి తిరగలేడు. వెల్లకిలా, గడ్డం గుండెకి కరుచుకుని, మదార్ ఊపిరి ఆగింది. కుదిపితే ఊయల ఊగిందే గాని మనిషి లేవలేదు. ఎంత కుదిపితే అంత హాయిగా ఊగుతోంది! మరియంబీకి ఏం చేయాలో తోచక, ఐసు మూటలు కోసే కొడవలి అందుకుని తాడు తెగ్గోసేసింది. మదార్ దబ్బున ట్రేల మీద పడి, గుక్క తిప్పుకుని, "ఏమైందే?" అన్నాడు. నడుం నొప్పి వారం రోజులు ఉంది. ఆ కొడవలిని ఆవిడ అంతకంటే ఎక్కువ రోజులు చేతికందే చోటే ఉంచుకుంది.

వేసవి చివర్లో జయకృష్ణ కనిపించాడు. తాడేపల్లిగూడెంలో బట్టల షాపు వాళ్ళ అబ్బాయి, పక్షుల ఫోటోలు తీసే పిచ్చి. నిడమర్రు దాటాక ఒక చెరువు గట్టు మీద తన జీపు నిలబెట్టుకుని ఉన్నాడు. జీపు నెత్తి మీద పెట్టె లాంటిది ఉంటే, దాన్ని విప్పాడు. చూస్తుండగానే అది చిన్న గుడారమైపోయింది. నిచ్చెన, కిటికీలు, దోమతెర, లోపల మెత్తటి పరుపు.

"ఏంటి బాబూ అది, ఇల్లా?" అంది మరియంబీ.

"పడుకోడానికండి. ఎక్కి చూడండి, పర్లేదు."

మోకాళ్ళు మొరాయిస్తున్నా ఎక్కింది. పరుపు నొక్కి చూసింది. ఆవిడకి ముందు అసూయ పుట్టింది, తర్వాత కోపం వచ్చింది. ఇంట్లో మంచం, ఫ్యాను, కరెంటు అన్నీ పెట్టుకుని సరదాకి వచ్చి గట్టు మీద పడుకునే మనుషులున్నారు. ఇక్కడ ఒకాయన గట్టు మీద పడుకోలేక చచ్చిపోతున్నాడు. కాని ఆ అబ్బాయి మంచివాడు. ఆవిడ దిగి గోడంతా వెళ్ళబోసుకుంటే కెమెరా పక్కనపెట్టి శ్రద్ధగా విన్నాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు.

"పరుపు సంగతి తర్వాతండి. ముందు బండి నిలబెట్టడం చూసుకోవాలి. మేం పడుకునే ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టి బండిని సమంగా చేసుకుంటాం. మీకు దానికి ఎదురు కావాలి. బండినే వాలులో పెట్టేయండి, ముక్కు పైకి ఉండేలా. తొట్టి మొత్తం ఏటవాలుగా అయిపోద్ది. తల కేబిన్ వైపు పెట్టి పడుకుంటే నడుం దగ్గర నుంచీ ఒళ్ళు అదే లేస్తుంది." వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు. "మబ్బుంటే మాత్రం వాలులో పెట్టకండమ్మా. నేనొకసారి ఇరుక్కుపోయాను, ట్రాక్టరొచ్చి లాగింది."

ఆ రాత్రే అటక మీద నుంచి సగం తివాచీ దిగింది. మరియంబీ మదార్ చొక్కా ఒకటి తీసుకుని, వల పైకి తేలడానికి కట్టే బెండు ఒకటి వీపు మధ్యలో సంచీలా కుట్టేసింది. వెల్లకిలా తిరగబోతే అది గుచ్చుకుంటుంది, తిరగనివ్వదు. మదార్ ఆ చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇంక చెరువులో పడినా మునగనులే" అన్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

ట్రేలు బోర్లించి తొట్టి నిండా పరిస్తే ఐసు నీళ్ళు కిందనుంచి పోతాయి. వాటి మీద తివాచీ. పైన టార్పాలిన్ నీడ. అన్నీ కుదిరాయి, వాలు తప్ప. గట్టు మీద వాలు ఎక్కడిది? ట్రేలు రెండు వరసలు పేర్చి చూస్తే నిద్రలో జారిపోయి మెడ విరిగినట్టు వంగేది. రోజుకో చెరువు, రోజుకో గట్టు. కొన్నిచోట్ల చక్రాల కింద రాళ్ళు పెట్టి కాస్త ముక్కు లేపేవారు. అలాంటి రోజు ఊపిరి ఆగడం కొంచెం తగ్గేది. కొంచెమే. మదార్ మొహం రోజురోజుకీ బూడిద రంగుకి తిరిగింది. ఒక తెల్లవారుజామున భీమడోలు దగ్గర ఆవిడ గిల్లినా ఆయనకి తెలియలేదు. స్టీరింగ్ తనే పట్టుకుని ఎడమకి లాగింది. ఎదురుగా వచ్చిన బస్సు హారను చెవుల్లో నుంచి రెండు రోజులు పోలేదు.

ఆ మర్నాడే వెంకట్రాజు గారు ఫోను చేశాడు. "రేపటి పట్టుబడి విశాఖపట్నం వెళ్ళాలండి మదార్ గారూ. రాత్రికి రాత్రే. రెండో డ్రైవరు దొరకలేదు. మీరున్నారు కదా అని ధైర్యంగా ఒప్పుకున్నాను."

పక్కనే ఉన్న మరియంబీకీ ఆ మాటలు వినిపించాయి. విశాఖపట్నమంటే రాత్రంతా పెద్ద రోడ్డు మీద లారీల మధ్య. ఈ మనిషి భీమడోలు దాటలేకపోయాడు. వెళ్ళొద్దంటే బండి పోతుంది. బండి పోతే ఈ వయసులో, ఈ నిద్రతో, ఇంకెవరు స్టీరింగ్ ఇస్తారు? వెళ్తే ఆయన తిరిగి రాడు. ఆవిడకి లోపల అది రాసిపెట్టినట్టు తెలిసిపోయింది. రేపు మధ్యాహ్నం ఒక్క పూట, ఒక్కసారి ఈయన నిజంగా నిద్రపోతే తప్ప ఇంకో దారి లేదు.

పొద్దున్నే గట్టుకి చేరారు. గట్టు మీద ముందొచ్చిన బండి లోపలి కొసకి వెళ్ళాలి, చివరొచ్చింది రోడ్డు వైపు ఉంటుంది. అందరికంటే ముందొచ్చారు కాబట్టి వీళ్ళది లోపలి కొస. అక్కడ పక్కనే తవ్వి వదిలేసిన ఎండు చెరువొకటి ఉంది. అందులోకి ట్రాక్టర్లు దిగడానికి చేసిన వాలు దారి, చుట్టూ కిక్కిస పొదలు, తుమ్మ చెట్టు నీడ. మరియంబీ దాన్ని చూసి నిలబడిపోయింది. కావాలని చేయించినా అంత సరిగ్గా కుదరదు.

ఎండెక్కాక మదార్ ఆకాశం చూశాడు. కొల్లేటి వైపు చిన్న మబ్బు ఉంది. "తొలకరికి ఇంకా టైముందిలే" అన్నాడు. ఆయనకీ తెలుసు వాలులో పెట్టకూడదని, ఏ డ్రైవరూ పెట్టడని. కాని ఆ మనిషికి నిద్ర కావాలి. బండిని వెనక్కి దించి, ముక్కు పైకి పెట్టి ఆపాడు. బెండు చొక్కా తొడుక్కుని, తాళం జేబులో వేసుకుని, తివాచీ మీద పక్కకి తిరిగి పడుకున్నాడు.

మరియంబీ తలదగ్గర కూర్చుంది. గురక మొదలైంది. ఎప్పటిలాగే అది తెగిపోయే క్షణం కోసం ఒళ్ళు బిగబట్టి ఎదురుచూసింది. తెగలేదు. గురక మెల్లగా సన్నబడి, మామూలు ఊపిరైపోయింది. లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. చిన్నపిల్లాడి ఊపిరిలా ఉంది. నుదుటి మీద ముడత విడిపోయింది. చెయ్యి బరువుగా తివాచీ మీద వాలిపోయింది. ఆవిడ చూస్తూనే ఉంది, నమ్మలేక, కదిలితే చెదిరిపోతుందేమోనని కదలకుండా. ఈయన మొహం ఇలా ఉంటుందని మర్చిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

అప్పుడు చినుకు పడింది.

గట్టు మీద ఒక కట్టుబాటుంది. చినుకు పడితే ఎవరు ఎవరినైనా లేపొచ్చు. అన్నం తింటున్నవాణ్ణి, తాగి పడున్నవాణ్ణి, నమాజులో ఉన్నవాణ్ణి, ప్రార్థనలో ఉన్నవాణ్ణి, తిట్టి లేపినా తన్ని లేపినా తప్పు లేదు. నల్లమట్టి తడిస్తే వెన్నముద్దే, ఆలోపు బండి రోడ్డెక్కాలి. తర్వాత వల ఎలాగూ ఆగదు, చేపని ట్రాక్టరు రోడ్డు దాకా మోస్తుంది. చినుకు చూసి కూడా పక్కవాణ్ణి లేపనివాడికి ఆ చెరువుల మీద ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

"చినుకో! బండ్లు తీయండో!" అని గట్టు పొడుగునా కేకలు. ఇంజన్లు స్టార్టవుతున్నాయి. యోబు తన బండి తిప్పే ముందు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "వదినగారూ, లేపండి అన్నయ్యగారిని! వాలులో ఉంది, కూరుకుపోద్ది!"

మరియంబీ తొట్టి అంచుకి జరిగి వేలు పెదాల మీద పెట్టింది. "అరవకు యోబూ."

"అరవకపోతే ఎలాగండి! పోనీ తాళం ఇవ్వండి, నేను తీస్తాను."

తాళం ఆయన జేబులో ఉంది. ఆయన ఆ జేబు మీదే ఒత్తిగిలి పడుకున్నాడు. తీయాలంటే కదపాలి. కదిపితే లేస్తాడు. లేస్తే బండి తీస్తాడు, సాయంత్రం చేప ఎక్కిస్తాడు, రాత్రికి పెద్ద రోడ్డెక్కుతాడు. మరియంబీ ఆయన మొహం చూసింది. యోబు మొహం చూసింది.

"నువ్వెళ్ళు. నీ బండి చూసుకో."

"మతి పోయిందా వదినగారూ? ఉద్యోగం పోద్ది!"

"పోనీ. వెళ్ళు నాయనా, నీకు పుణ్యముంటుంది."

యోబు నెత్తి బాదుకుని పరుగెత్తాడు. ఇంజన్ల చప్పుడు ఒక్కొక్కటే దూరమైపోయింది. వాన జోరందుకుంది. టార్పాలిన్ కొంగు ఎగిరిపోతుంటే మరియంబీ రెండు చేతులా లాగి పట్టుకుని ఆయన మీద తడి పడకుండా కూర్చుంది. ఎండు చెరువులో నీళ్ళు చేరడం కనిపిస్తోంది. వెనక చక్రాలు మెల్లగా దిగుతున్నాయి. ఇప్పుడు లేపినా బండి దక్కుతుంది అనుకుంది ఒకసారి. కాసేపాగి మళ్ళీ అదే అనుకుంది. తర్వాత ఇంక దక్కదని తెలిసిపోయింది. తను ఈ పని ఆయన కోసం చేస్తోందో, తన భయం కోసం చేస్తోందో కూడా ఆవిడకి తెలియలేదు. ఊపిరి మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

వాన వెలిసి ఎండ కాశాక మదార్ తనంతట తనే కళ్ళు తెరిచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. "ఏమే, టీ ఏమన్నా ఉందా?" అన్నాడు, పెళ్ళయిన కొత్తలో గొంతుతో. తర్వాత తివాచీ అంచు దగ్గర తడి చూశాడు. లేచి బయటికి చూశాడు.

దిగాడు. బురద మోకాళ్ళదాకా వచ్చింది. కేబిన్‌లోకెక్కి స్టార్ట్ చేసి గేరు వేశాడు. చక్రం తిరిగి తిరిగి మరింత లోపలికి దిగింది. ఇంజను ఆపేశాడు. మళ్ళీ బురదలోకి దిగాడు.

"యోబు రాలేదా?"

"వచ్చాడండి. నేనే వద్దన్నాను."

మదార్ ఆవిడ వైపు తిరిగాడు. "నన్ను చంపేశావు కదే."

"చంపలేదండి!" ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది ఆవిడకి. "రోజూ నా కళ్ళ ముందు చచ్చి చచ్చి లేస్తున్నారు మీరు. చూసేది నేను. ఇవాళ ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. ఒక్కసారి కూడా! ఎలా లేపమంటారు? లేపి, విశాఖపట్నం పంపించి, శవం కోసం ఎదురుచూడమంటారా?"

"ఊపిరుంటే సరిపోద్దా? ఏం తిని పీల్చను?" అన్నాడు మదార్. అరవలేదు. బురదలోనే కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలక ఆవిడ నిలబడిపోయింది.

వెంకట్రాజు గారు ట్రాక్టరు వెనక బైకు మీద వచ్చాడు. చేప ఇంకెవరి బండిలోనో ఎక్కుతోంది. యోబు ఎవరికీ ఏమీ చెప్పకపోయినా బోర్లించిన ట్రేలు, తివాచీ, బెండు కుట్టిన చొక్కా ఆయన చూడనే చూశాడు. చెయ్యి చాపి తాళం తీసుకున్నాడు.

"ఏవండీ మదార్ గారూ," అన్నాడు ఎప్పటి మెత్తటి గొంతుతోనే, "మీరిద్దరూ ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి."

తివాచీ చుట్టి మదార్ భుజాన వేసుకున్నాడు. తడిసి అది రెండింతల బరువైంది. బస్సు దొరికేదాకా ఆయన ముందు, ఆవిడ వెనక నడిచారు. ఏలూరు బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చి ఆయన ఇటు కూర్చున్నాడు. రేపేం చేయాలి, ఫిజాకి ఎలా చెప్పాలి, ఈయన ఇంక ఎప్పటికైనా తనతో మాట్లాడతాడా. ఒకదాని వెనక ఒకటి అనుకుంటూనే ఉంది. ఎక్కడ అనుకోవడం ఆగిందో ఆవిడకి గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి బస్సు ఖాళీగా ఉంది. డిపోలో నిలబడి ఉంది. ఆవిడ తల మదార్ భుజం మీద ఉంది. ముందు సీటు కమ్మీ తగలకుండా ఆయన తన అరచెయ్యి అడ్డం పెట్టి ఉంచాడు. కండక్టరు మెట్ల మీద నిలబడి, "అమ్మ లేచారా? ఇంక దిగండి బాబూ" అంటున్నాడు.

"మన సెంటరు దాటిపోయిందేమండీ? లేపలేదేం?" అంది కంగారుగా.

"లేపబుద్ధి కాలేదే," అన్నాడు మదార్. చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది, రెండో చేత్తో రుద్దుకుంటున్నాడు. "నేను పడుకున్నన్నాళ్ళూ నువ్వసలు పడుకోలేదని నాకు తట్టనే లేదు చూడు."

అప్పుడు ఏడ్చింది మరియంబీ, కండక్టరు చూస్తున్నాడని కూడా చూడకుండా. "రేపట్నుంచి ఏం చేస్తామండీ?" అంది.

మదార్ తివాచీని భుజానికెత్తుకున్నాడు. "తెలీదు" అన్నాడు. ముందు తను దిగి, ఆవిడ మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి, చెయ్యి అందించాడు.